కోసే ఇంట్లో కుట్టే పిల్ల

పశువైద్య కళాశాలలో చేరతానని నేను చెప్పిన రోజున మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వినవాడు మామయ్య. కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని, "బాగుంది బావగారూ! మీరు కోస్తారు, అమ్మాయి కుడుతుంది. బేరం బయటికి పోదు" అన్నాడు. ఆ జోకు ఆయనకి ఎంత ముద్దొచ్చిందంటే, ఆ వేసవి పొడుగునా కనబడినవాడికల్లా చెప్పుకున్నాడు. విన్న ప్రతివాడూ అది అప్పుడే తన బుర్రలో పుట్టినట్టు మొహం పెట్టి మళ్లీ నాకే చెప్పాడు. ఒక ఊరి తెలివి మొత్తం ఒక్క జోకు దగ్గర ఆగిపోవడం నేను అప్పుడే చూశాను.

మాది మాంసం కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక రేకు తలుపు. అమ్మ ఇటుపక్క ఎంత కడిగినా అటుపక్క వాసన ఇటు వచ్చేది. ఇటుపక్క మాటలన్నీ అటు వినబడేవి. నాన్న, అన్నయ్య తెల్లవారుతూనే కబేళాకి పోయి, గొర్రెల్ని కోసి, ఒలిచి, బండి మీద వేసుకుని వచ్చేవారు. మామయ్య ఒక ఆఫీసులో గుమాస్తా. అమ్మవైపూ నాన్నవైపూ కలిపి చూసుకున్నా కుర్చీలో కూర్చుని జీతం తీసుకునే ఏకైక ప్రాణి ఆయనే కాబట్టి, మా ఇంట్లో ఆయన మాట వేదవాక్కు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందంటారు. మా ఇంట్లో కసాయివాడు గుమాస్తాని నమ్మాడు.

రాతపరీక్ష అప్పటికే గట్టెక్కాను. ఇంకా రెండు గండాలు మిగిలాయి. ఆ సెలవుల్లో ఎవరైనా పశువైద్యుడి దగ్గర పని చేసి, చేసినట్టు ఆయన సంతకం తెచ్చుకోవాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ.

"నాన్నగారేం చేస్తారంటే వ్యాపారం అను," అని మామయ్య పాఠం మొదలుపెట్టాడు.

"ఏం వ్యాపారం అంటే?"

"చిల్లర వ్యాపారం అను. ఇంకా గుచ్చి అడిగితే దగ్గు. ఈ చదువే ఎందుకంటే మూగజీవాల మీద కరుణ అని చెప్పు. కళ్లు కాస్త కిందికి దించి చెప్పు."

మూగజీవాలట! గొర్రెల దొడ్డి గోడకి ఆనించి మంచం వేసుకున్నదాన్ని నేను. అవి ఎంత మూగవో ఆయన ఒక్కసారి అక్కడ పడుకుని చూస్తే తెలిసేది.

నాన్న ఒక్కడే నవ్వలేదు. కత్తి నూరుతూ, "డాక్టరంటే ఆ ముద్ర వేసేవాడే కదా?" అన్నాడు. "నేనీ పనిలోకి దిగినప్పటినుంచీ చూస్తున్నాను, కుర్చీలోంచి లేవడు. వాడిలా అవడానికి చదువెందుకే? చెయ్యొకటి ఉంటే చాలదూ?"

నాన్నకి తెలిసిన పశువుల డాక్టరు ఈ లోకంలో ఆయనొక్కడే. కబేళాలో కోసిన ప్రతి గొర్రెనీ ఆయన చూడాలి. బాగుంటే తొడ మీద నీలం ముద్ర వేయాలి, జబ్బుదైతే ఎవరూ అమ్మకుండా ఫినాయిలు పోయించి గుంటలో పాతించాలి. ముద్ర లేనిది ఏ కొట్లోనూ వేలాడకూడదు. చట్టం అలా చెప్తుంది. ఆయన ఫినాయిలు డబ్బా మూత తీయగా చూసినవాడు మాత్రం లేడు. అందరూ ఆయన్ని ముద్ర డాక్టరు అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే.

ఆయన దగ్గరికి పోవాలని నాకూ లేదు. ముందు పెద్ద వీధిలో కుక్కల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చల్లటి గది, గోడల నిండా కుక్కపిల్లల ఫొటోలు, ముద్దుగా మాట్లాడే మెత్తటి గొంతు. నా మార్కులు చూసి ఎంతో సంబరపడింది. నాన్నగారేం చేస్తారని అడిగింది. దగ్గమని మామయ్య చెప్పిన చోట నేను దగ్గలేదు.

"మాంసం కొట్టండి."

"ఓ!" అంది. ఆ తర్వాత గొంతు ఇంకా మెత్తబడింది. "మా దగ్గరికి వచ్చేవాళ్లు కాస్త సున్నితమైనవాళ్లమ్మా. వాళ్లకి తెలిస్తే నొచ్చుకుంటారు. నాకైతే ఏమీ లేదనుకో."

ఆవిడ కాళ్ల దగ్గర బొచ్చుకుక్క ఒకటి గిన్నెలో మూతి పెట్టి ఖీమా తింటోంది. ఆ ఖీమా మా కొట్టుదే. పొద్దున పొట్లం కట్టింది నేనే. సున్నితమైనవాళ్ల కుక్కలు ఏం తిని బతుకుతాయో ఆవిడ ఎన్నడూ ఆలోచించినట్టు లేదు.

ఇక మిగిలింది ముద్ర డాక్టరే.

కబేళా గుమ్మం పక్కనే ఆయన గది. ఒక బల్ల, ఒక ఫ్యాను, టీ ఫ్లాస్కు, మడిచిన పేపరు. ఆయన గళ్లనుడికట్టు పూరించుకుంటున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాక కూడా ఒక గడి నింపి, అప్పుడు, "నువ్వేనా కోసే ఇంట్లో కుట్టే పిల్ల?" అన్నాడు తలెత్తకుండా. జోకు అక్కడికీ నాకంటే ముందే చేరింది.

"మీ సంతకం కావాలండి."

"దానిదేముంది, పెడతాను. ఇంటికిపోయి హాయిగా పడుకో. సెలవులయ్యాక వచ్చి పట్టుకుపో."

"పని నేర్చుకోవాలండి."

అప్పుడు తలెత్తాడు. అప్పు అడిగినదాన్ని చూసినట్టు చూశాడు. "ఎందుకు?" అన్నాడు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

మర్నాటినుంచి వెళ్లాను. నన్ను వదిలించుకోవడానికో, గళ్లలో మాటలు దొరక్క విసుగెత్తో, ఒకరోజు లేచి వచ్చి కొక్కేనికి వేలాడుతున్న దాని ముందు నిలబెట్టాడు.

"ఏం కనబడుతోంది?"

"గొర్రె."

"అది గొర్రె అని బతికుండగా గొర్రెక్కూడా తెలుసు. ఏం కనబడుతోంది?"

అలా మొదలైంది. భుజం ముందు గ్రంథి ఎక్కడుంటుందో వేలితో వెతికించాడు. కోయించాడు. లోపల సున్నం ముద్దలాంటి చీముంటే ఏమిటో చెప్పాడు. కార్జాన్ని అడ్డంగా కోసి పిండితే ఎండిన ఆకులాంటి పురుగులు జారి పడ్డాయి. ఒక్కొక్క పురుగు ఏ చెరువు గట్టు గడ్డిలోంచి ఎలా వచ్చిందో కథలా చెప్పాడు. కొవ్వు పసుపుగా ఉంటే కంగారు పడొద్దన్నాడు. "కొవ్వొక్కటే పసుపైతే మేత వల్ల. కంటి తెల్లగుడ్డు చూడు. మోకాలి కీలు కోసి లోపలి పొర చూడు. అవి కూడా పసుపైతే కామెర్లు. ఇక దాంట్లో ఏ భాగమూ ఉంచకూడదు."

ఆయనకి అన్నీ తెలుసు. నాకు మింగుడుపడనిది అదే. చేతకానివాడు కాబట్టి కుర్చీలోంచి లేవడని నాన్న అనుకునేవాడు, నేనూ అలాగే అనుకున్నాను. ఆయన పాఠం చెప్పినంతసేపు చెప్పి, చీము గ్రంథి కోసిన గొర్రె తొడ మీదే ముద్ర వేసి, చెయ్యి తుడుచుకుని గదిలోకి పోయేవాడు.

"ఇందాక దాంట్లో చీముందన్నారు కదండీ. మరి ముద్ర ఎందుకు వేశారు?"

"ఉడకబెట్టి తింటారు కదా."

"ఉడికిస్తే సరిపోతుందా?"

"ఈ ఊళ్లో అడిగినవాడు లేడు, చచ్చినవాడు లేడు. నేను ఆపాననుకో, ఆ పొట్టేలు వచ్చి నా గుమ్మంలో బైఠాయిస్తాడు. వాడి మొహం చూడటం కంటే ముద్ర వేయడం సుఖం."

పొట్టేలంటే మా పక్క కొట్టువాడు. మాట్లాడే ముందు తల వంచి మీదికి వస్తాడని ఆ పేరు. పేరు పెట్టినవాడెవడో గాని పొట్టేళ్లకి అన్యాయం చేశాడు.

ఎండలు ముదిరాయి. మందలు రావడం తగ్గిపోయింది. ఎక్కడినుంచో ఒక లారీ గొర్రెలు వస్తే నాన్న, పొట్టేలు, మరికొందరు కలిసి పంచుకున్నారు. లారీలోంచి అవి దిగిన తీరు చూస్తేనే తెలుస్తోంది. దూకలేదు, జారి పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. కొట్లు ఖాళీగా ఉన్నాయి, కొనేవాళ్లు సంచులు పట్టుకుని తయారుగా ఉన్నారు.

మర్నాడు పొద్దున అన్నయ్య వాటిలో ఒకదాన్ని ఒలుస్తున్నాడు. తోలు దిగుతున్నకొద్దీ లోపల పసుపు బయటపడుతోంది. నేను దగ్గరికి వెళ్లాను.

"మేత పసుపులే," అన్నాడు అన్నయ్య.

నేనింకా ఏమీ అడగలేదు. అడక్కముందే జవాబు వచ్చిందంటే ప్రశ్న వాడి కడుపులోనూ ఉందన్నమాట. పక్కన పెట్టిన తల తిప్పి కనురెప్ప ఎత్తి చూశాను. కత్తి తీసుకుని మోకాలి కీలు విప్పి చూశాను.

"ఇది పనికిరాదు."

"మెల్లగా," అన్నాడు అన్నయ్య పళ్ల మధ్యనుంచి.

"ఇది పనికిరాదు," అన్నాను మళ్లీ. ఈసారి అంతా విన్నారు.

పక్క కొక్కెం దగ్గర పొట్టేలు చెయ్యి ఆపాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ పిల్ల పట్టిందిరోయ్!" అన్నాడు. తన కొక్కేనికి వేలాడుతున్నదీ అదే రంగులో ఉంది. దాని మీద అప్పటికే ముద్ర పడింది.

గొడవ విని ముద్ర డాక్టరు టీ గ్లాసుతో బయటికి వచ్చాడు. ఒక్కసారి చూశాడు. ఆయనకి ఒక్కసారి చాలు.

"మేత," అన్నాడు.

"కీలు చూడండి."

"చూడక్కర్లేదు."

"కీలు చూడండి డాక్టరుగారూ. మీరు చెప్పిందే."

ఆయన నా మొహం చూడలేదు. నాన్న వైపు తిరిగాడు. "ఏమయ్యా, సరుకు నీది. పిల్ల నీది. ముద్ర వెయ్యనా వద్దా?"

నాన్న తడి చేతులు తుడుచుకుంటున్నాడు. గొర్రె వైపు చూడలేదు. చూడనవసరం ఆయనకీ లేదని అప్పుడు అర్థమైంది. అన్నేళ్లూ ఆ కుర్చీని, ఆ చేతినీ వెక్కిరించినవాడు, అన్నేళ్లూ ఆ చేతి కిందే కొట్టు నడుపుకున్నాడు. ఆ క్షణంలో అక్కడున్న మగాళ్లందరూ నాకు ఒకేలా కనబడ్డారు, నాన్నతో సహా.

నేను గదిలోకి వెళ్లాను. బల్ల కింద ఫినాయిలు డబ్బా ఉంది. మూత తుప్పు పట్టి రాలేదు. కత్తి మొనతో ఎత్తి తీశాను. తెచ్చి, మెడ దగ్గరనుంచి తొడలదాకా పోశాను. ఘాటుకి అన్నయ్య వెనక్కి జరిగాడు. పొట్టేలు కూడా.

నాన్న నేల వైపు చూశాడు. "కిందంతా పడింది," అన్నాడు. "నీళ్లు పోసి కడుగు. ఎవరైనా జారిపడతారు."

తర్వాత దాన్ని కొక్కెం మీంచి దించి, భుజాన వేసుకుని గుంట వైపు మోసుకుపోయాడు.

ఆ రోజే ముద్ర డాక్టరు నన్ను గుమ్మం దగ్గర ఆపి, ఇక రావద్దన్నాడు. సంతకం మాటెత్తితే పేపరులోకి తల దూర్చాడు. పడుకుని ఉంటే వచ్చే సంతకం, పని చేసినందుకు పోయింది.

అదొక ఎత్తు, ఊరు చేసింది ఒక ఎత్తు. ఆ లారీలోంచి దిగిన మిగతావాళ్ల గొర్రెలన్నీ నీలం ముద్రలు వేయించుకుని దర్జాగా బజారుకి వచ్చాయి. తూకం మీదికి ఎక్కాయి, పొట్లాల్లోకి దిగాయి, ఊరందరి కడుపుల్లోకి పోయాయి. పారేసిన కొట్టు మాత్రం జబ్బుమాంసం కొట్టు అయి కూర్చుంది. "పాపం, వాళ్లకి జబ్బు గొర్రెలొచ్చాయట," అని పొట్టేలు తూచేటప్పుడల్లా ఒక మాట కూడా కలిపి తూచాడు. నా చిన్నప్పటినుంచీ మా దగ్గరే కొనే బడి టీచరమ్మ, మా కొట్టు ముందుకి రాగానే ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, నాలుగడుగులు వేసి పొట్టేలు ముందు వరసలో నిలబడింది. అక్కడ రుమాలు తీసేసింది. చెప్పు తినే కుక్కకి చెరకు తీపి తెలుస్తుందా అంటారు. కుక్కల్ని అనవసరంగా అంటారు. కుక్క కనీసం వాసన చూస్తుంది.

అన్నయ్య నాతో మాట్లాడటం మానేశాడు. అమ్మ మాట్లాడటం ఆపితే బాగుండనిపించేది. మామయ్య ఒక సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా అని నేను మొదటే అన్నాను. విన్నారా? సొంత కొట్టు మీద ఫినాయిలు పోసుకునే పిల్లని నేను చూడలేదమ్మా. ఇప్పటికైనా మించిపోయింది లేదు. దీన్ని తీసుకెళ్లి ఆ పొట్టేలుకీ డాక్టరుకీ క్షమాపణ చెప్పించు. కుర్రతనం, తెలియక చేసిందని చెప్తే సరి. నేను కూడా వస్తాను."

"వెళ్లవే," అంది అమ్మ. "మామయ్య అంతగా చెప్తున్నాడు."

రేకు తలుపు తెరుచుకుంది. నాన్న లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, మామయ్య ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాడు.

"బావా, ఈమధ్య మాంసం ఎక్కడ కొంటున్నావు?"

మామయ్య కళ్లద్దాలు తీశాడు. తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "అంటే, మీ చెల్లెమ్మ... పిల్లలున్న ఇల్లు కదా బావగారూ... ఒకళ్లూ ఒకళ్లూ అనుకుంటుంటే..."

"ఊఁ," అన్నాడు నాన్న.

అమ్మ మామయ్య వైపు చూసింది. ఆ తర్వాత మా ఇంట్లో మామయ్య మాట మామూలు మాటే అయింది. ఆయన కాఫీ తాగకుండానే లేచి పోయాడు.

మర్నాడు పొద్దున నాన్న నన్ను వెంటబెట్టుకుని కబేళాకి వెళ్లాడు. ముద్ర డాక్టరు బల్ల ముందు నిలబడి, "దీనికి సంతకం పెట్టండి," అన్నాడు.

"పని మధ్యలో మానేసింది. ఎలా పెడతాను?"

"నిజమే. అన్యాయపు సంతకం మాకూ వద్దు. ఇవాళ్టినుంచి మళ్లీ వస్తుంది. నా గొర్రెలే కాదు, అందరివీ చూస్తుంది. కళ్లూ, కీళ్లూ అన్నీ చూస్తుంది. ఎవడైనా అడ్డొస్తాడేమోనని నేను పక్కనే నిలబడతాను. నాకెటూ బేరాలు లేవు, తీరికే."

డాక్టరు కలం మూత తీశాడు. ఆ వేసవిలో ఆయన అంత చురుగ్గా చేసిన పని ఇంకోటి నేను చూడలేదు.

బయటికి వచ్చాక, "నువ్వు తెలిసే కొన్నావా వాటిని?" అని అడిగాను.

"తెలిసే," అన్నాడు. దానికి ముందూ వెనకా ఏమీ చేర్చలేదు. చేర్చి ఉంటే ఆయన్ని కూడా మిగతావాళ్లలో కలిపేసేదాన్ని.

తొలకరికి ముందే కొట్టు మూసేశాం. తీసుకున్నది పొట్టేలే, ఇంకెవడు తీసుకుంటాడు? అన్నయ్య వాడి దగ్గరే జీతానికి చేరాడు, అదే కొట్లో, అదే మొద్దు ముందు. నాన్న ఒక ఆస్పత్రి వంటశాలలో మాంసం కొట్టే పనికి కుదిరాడు. యజమానిగా ఉన్నవాడు టోపీ పెట్టుకుని ఇంకొకడి కింద పని చేయడం అమ్మకి కొత్త. పళ్లెంలో వడ్డించేటప్పుడు ఆయన మొహం చూడకుండా వడ్డించేది.

ఇంటర్వ్యూ గది బయట బెంచీల మీద మామయ్యలాంటివాళ్లు చాలామంది తమ పిల్లల్ని తయారుచేస్తున్నారు. నా ముందు వెళ్లిన అమ్మాయి కళ్లు ఒత్తుకుంటూ వచ్చింది. చిన్నప్పుడు తన కుందేలు చచ్చిపోయిన సంగతి చెప్పి ఏడ్చిందట, బాగా వచ్చిందట.

లోపల ముగ్గురు. చివరాయన గడియారం చూసుకుంటున్నాడు.

"నాన్నగారు?"

"మాంసం కొట్టండి. మొన్ననే మూసేశాం."

నడిమాయన కుర్చీలో కదిలాడు. మొహం వెలిగింది. "అయితే ఆయన కోస్తే..."

"నేను కుడతానండి," అన్నాను.

నోటిదాకా వచ్చింది ఎవరో లాక్కున్నట్టు చిన్నబుచ్చుకున్నాడు. ఇక ఆయన ఏమీ అడగలేదు.

మూడో ఆవిడ అడిగింది. "జంతువులంటే ప్రేమ ఉందా?"

"ప్రత్యేకంగా ఏమీ లేదండి."

"మరెందుకు ఈ చదువు?"

"జబ్బుదాన్ని జబ్బుదని చెప్పే ఉద్యోగం కావాలండి."

"చెప్తే వింటారనుకుంటున్నావా?"

"వినరండి."

ఆవిడ ఏదో రాసుకుంది. చివరాయన మళ్లీ గడియారం చూసుకున్నాడు. అంతే, నన్ను పంపేశారు.

సీటు రాలేదు. వేచి ఉండాల్సినవాళ్లలో పడేశారు, అదీ బాగా కింద. కుందేలు అమ్మాయికి మొదటి విడతలోనే వచ్చింది. అమ్మ ఒక పూట అన్నం మానేసింది. అన్నయ్య అన్ని వారాల తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు. "ఇక చాలా?" అన్నాడు.

అంతలో మనుషుల డాక్టరు సీట్లు ఇంకొన్ని ఇచ్చారు. కళ్లు దించి కరుణ గురించి చెప్పినవాళ్లందరూ, కుందేలు అమ్మాయితో సహా, మూగజీవాల్ని ఎక్కడివక్కడ వదిలేసి, చెప్పాపెట్టకుండా ఒక్క ఉదుటున అటు దూకారు. వాళ్లు ఖాళీ చేసిన బెంచీల మీదికి మమ్మల్ని పిలిచారు. నాకు సీటు వచ్చిందంటే నా గొప్పా లేదు, ఆ ముగ్గురి న్యాయమూ లేదు. వాళ్లకి అవతల ఇంకాస్త పెద్ద బోర్డు కనబడింది, అంతే.

మామయ్య మాత్రం వీధి పొడుగునా, "మా మేనకోడలు డాక్టరు చదువుతోంది," అని చెప్పుకున్నాడట. ఏ డాక్టరని ఎవరైనా అడిగితే దగ్గేవాడట.

వెళ్లే రోజున నాన్న ఆస్పత్రి నుంచి నేరుగా బస్టాండుకి వచ్చాడు. టోపీ జేబులో పెట్టుకున్నాడు గాని చొక్కా మార్చుకోలేదు. నా పెట్టె పైకి ఎక్కించి, దిగి, కిటికీ దగ్గరికి వచ్చాడు. టైరు వైపు చూశాడు.

"హాస్టల్లో తిండేం పెడతారట?"

"అన్నీ పెడతారట. వారానికోసారి మాంసం కూడా ఉంటుందట."

నాన్న తల అడ్డంగా ఊపాడు. "అది తినకు."

"ఎందుకు?"

"మాంసం సంగతి నీకు నేను చెప్పాలా?" అన్నాడు.

బస్సు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు.